అరిసెల మర్నాడు

పండగ ఎప్పుడొచ్చినా ఇంగ్లండులో మాకు శనివారమే వస్తుంది. ఈసారి సంక్రాంతి భోజనాలు స్లౌలో ఒక స్కూలు హాల్లో పెట్టుకున్నాం. పులిహోర, గారెలు, గుత్తివంకాయ, రెండు బొబ్బట్లు. వాటి మీద, తెనాలి నుంచి ఎవరి సూట్‌కేసులోనో దూరి వచ్చిన అమ్మ చేతి అరిసెలు. చెక్కల మధ్య పెట్టి ఎంత నొక్కినా ఇంకా నెయ్యి చెమర్చే రకం.

తిన్న రెండు గంటలకి షుగర్ చూసుకుంటే 8.1. ఎనిమిదిన్నర దాటకపోతే చాలంటారు ఇక్కడ. ఆ సంతోషంలో రాత్రి ఇంకో అరిసె తిన్నాను. బెల్లమే కదా అని సర్దిచెప్పుకున్నాను కూడా. బెల్లంలో ఉన్నదీ చాలావరకు ఆ చక్కెరేనని నాకు తెలియక కాదు.

ఆదివారం పొద్దున్న ఏడైనా కిటికీలో చీకటే. పక్కింటి పెద్దాయనకి ఇద్దామని రెండు అరిసెలు కాగితంలో చుట్టి పక్కన పెట్టి, పరగడుపున మీటరు తీశాను. జనవరి చలికి వేలు కొయ్యలా ఉంది. సూది గుచ్చినా రక్తం రాదు. పిండగా పిండగా ఆవగింజంత బొట్టు వచ్చింది. స్ట్రిప్ పీల్చుకుంది. 17.4!

కాళ్ళు చల్లబడ్డాయి. మా ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి తిరక్కుండానే అడిగింది: "చేతులు కడుక్కున్నారా?"

కడుక్కోలేదు. వేలికంటిన బెల్లప్పాకం కూడా ఆ బొట్టులో కలిసి కొలతకెక్కింది. సబ్బుతో కడిగి, తుడుచుకుని, వేరే వేలు గుచ్చితే 11.8. అమ్మయ్య అనుకున్నాను. అర నిమిషం తర్వాత గానీ తట్టలేదు, పరగడుపున ఏడు లోపు ఉండాల్సిన చోట అది పదకొండు పాయింట్ ఎనిమిదని. నిద్రలో ఏమీ తినని వాడికి రాత్రికి రాత్రి ఎలా పెరిగింది?

తర్వాత డయాబెటిస్ నర్సుని అడిగాను. ఆవిడ ఉండేది సర్జరీలోనే. ఇక్కడ మామూలు డాక్టరు క్లినిక్‌నీ సర్జరీ అనే అంటారు, కంగారు పడకండి. నెయ్యీ నూనే దండిగా ఉన్న తిండి పొట్టలోంచి నిదానంగా కదులుతుందట. రెండు గంటలకి నేను చూసింది భోజనంలో మొదటి విడతేనన్నమాట. మిగతా పిండీ తీపీ నేను గుర్రు పెడుతుండగా తీరిగ్గా రక్తంలోకి దిగాయి, రాత్రి తిన్న అరిసెతో సహా. దానికి తోడు తెల్లవారుజామున ఒంట్లో కొన్ని హార్మోన్లు లేచి, లివర్ చేత దాచుకున్న గ్లూకోజు బయటికి పంపిస్తాయి. ఇన్సులిన్ సరిగా పనిచేసేవాళ్ళలో అది తెలియకుండానే సర్దుకుపోతుంది. నాలాంటి వాడికి మీటరు మీద తేలుతుంది. నాకు కోపం వచ్చింది మాత్రం శనివారం నాటి 8.1 మీద. అంత నమ్మకంగా కనిపించకపోతే రాత్రి అరిసె జోలికి పోయేవాణ్ణి కాదు. పోయేవాణ్ణేనని మా ఆవిడ.

ఆ ఆదివారమే అమ్మ ఫోను. "షుగర్ ఎంతుందిరా?"

ఇక్కడి లెక్క వేరు కావడం నాకెప్పుడూ కలిసొచ్చేది. అబద్ధం ఆడక్కర్లేదు. "పదకొండు" అంటే చాలు, నూటపదికి ఏదో దగ్గరలే అనుకుని ఊరుకునేది. ఈసారీ అదే చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"పద్దెనిమిది పెట్టి హెచ్చవేయాలటగా? బుజ్జిగాడు చెప్పాడు. పద్దెనిమిది పదకొండ్లు నూట తొంభై ఎనిమిది. పైన పాయింట్ ఎంత?"

చెప్పక తప్పలేదు. మొత్తం రెండు వందల పన్నెండు తేల్చింది. తిట్లన్నీ అయ్యేదాకా ఆగి, "మరి నీదెంతే?" అన్నాను. ఆవిడకీ పన్నెండేళ్ళ నుంచి షుగరే.

"డబ్బాలో ఇంకా నాలుగు అరిసెలున్నాయిరా. అవి అయిపోనీ, చూపించుకుంటాను."