కత్తికి పేరొచ్చింది... డాలు ఏమైంది?

విడవలూరు దారి పట్టేవాళ్లలో ఎక్కువమంది సముద్రం కోసమే వెళ్తారు. అదే దారిలో నెల్లూరు సీమ మరచిపోయిన ఓ ఆయుధాన్నీ తలచుకోవచ్చు. చేటంత కూడా లేని ఆ చిన్న డాలు కథ పెన్నా ఒడ్డు నుంచి జర్మనీ దాకా సాగుతుంది!

నెల్లూరులో పెన్న దాటితే కోవూరు. అక్కణ్నుంచి తూర్పుకు తిరిగితే రోడ్డుకు రెండు పక్కలా వరిమళ్లు. సముద్రం దగ్గరయ్యేకొద్దీ మళ్ల మధ్య రొయ్యల గుంటలు, వాటి గట్ల మీద తాటిచెట్లు. విడవలూరు దాటి ఇంకాస్త ముందుకెళ్తే రామతీర్థం. ఇసుక తిన్నెల పక్కన రామలింగేశ్వరుడి గుడి, ఎదురుగా బంగాళాఖాతం. సెలవు రోజున పిల్లాపాపలతో వచ్చి, నీళ్లలో ఆడుకుని, గుడి చూసుకుని వెళ్లేవాళ్లే ఎక్కువ.

పచ్చగా, ప్రశాంతంగా కనిపించే ఈ సీమ ఒకప్పుడు గడ్డి కోసం నెత్తురు చిందించింది!

గడ్డి కోసం యుద్ధం

13వ శతాబ్దం. నెల్లూరు రాజధానిగా మనుమసిద్ధి ఏలుతున్నాడు. ఆయన కొలువులో ఇద్దరు తిక్కనలు. అన్నదమ్ముల బిడ్డలు. ఒకరు గంటం పట్టి మహాభారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేశారు. రెండో ఆయన కత్తి పట్టారు. ఆ కత్తే ఆయన ఇంటిపేరంత అయిపోయింది... ఖడ్గ తిక్కన!

కరవు రోజుల్లో కాటమరాజు తన ఆలమందలను తోలుకొచ్చి నెల్లూరు రాజు బీళ్లలో మేపుకొన్నాడు. మేపినందుకు పుల్లరిగా కోడెదూడలు ఇవ్వాలన్నది ఒప్పందం. అది చెడింది. మాటామాటా పెరిగి పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర రెండు సేనలూ తలపడ్డాయి. గొల్లల కథాగానంలో ‘కాటమరాజు కథ’గా ఈ పోరు నేటికీ బతికే ఉంది.

ఆవుల కోసం ఇంత యుద్ధమా అనిపిస్తుంది. కానీ ఈ తీరపు పశువు విలువ సామాన్యమైంది కాదు. బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో ప్రధానమైన జాతి పేరు ‘నెలోర్’. మన ఒంగోలు గిత్తల సంతతే అది. అక్కడ మన నెల్లూరు పేరుతో స్థిరపడింది.

మొదట నెల్లూరు సేన దెబ్బతింది. తిక్కన ఇంటికి తిరిగొచ్చాడు. ఆ తర్వాత జరిగిందాన్ని తెలుగువాళ్లు తరతరాలుగా చెప్పుకొంటున్నారు. భార్య చానమ్మ మంచం అడ్డుపెట్టి, పసుపుముద్ద దగ్గరుంచి, ఆడవాళ్లకు పెట్టినట్టు స్నానానికి నీళ్లు పెట్టిందట. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించిందట. మగవాళ్లు విరిగి వచ్చాక పాలు మాత్రం విరగవా అన్నది ఆ తల్లి ఎత్తిపొడుపు. తిక్కన మారు మాట్లాడకుండా వెనక్కి వెళ్లి, పోరాడి ప్రాణం విడిచాడు.

ఇంత కథలోనూ మనకు గుర్తుండిపోయింది కత్తే. మరి ఎడమచేతి సంగతేంటి?

ఎడమచేతి కథ

మన ఊళ్లలో గుళ్ల ముందో పొలంగట్ల మీదో నిలబెట్టిన వీరగల్లులు ఉంటాయి. పోరులో ఒరిగిన వీరుడి జ్ఞాపకంగా పాతిన రాళ్లవి. చాలావాటిలో వీరుడి కుడిచేతిలో కత్తి, ఎడమచేతిలో డాలు. రాతిని చెక్కిన శిల్పికి ఆ రెండూ జంటే.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల గదిలో పాతకాలపు డాళ్లు చూడొచ్చు. మన దేశపు డాలు సాధారణంగా గుండ్రంగా ఉంటుంది. దున్నతోలు, ఖడ్గమృగం తోలు, ఉక్కు... ఏదో ఒకదాంతో చేసేవారు. ముందువైపు నాలుగు గుబ్బలు అలంకారంలా కనిపిస్తాయి. నిజానికి లోపల పిడి పట్టీలను బిగించిన కొక్కేల మొదళ్లు వాటి కింద ఉంటాయి. పిడికి, డాలుకు మధ్య ఒక చిన్న దిండు. దెబ్బ పడినప్పుడు వేళ్ల ముణుకులు చితక్కుండా కాపాడేది అదే.

దక్షిణాదిలో ఇంకో వింత డాలూ ఉండేది. దాన్ని మడు అనేవారు. రెండు కృష్ణజింక కొమ్ములను మొదళ్ల దగ్గర కలిపి, కొనలు చెరో దిక్కుకు వచ్చేలా బిగించేవారు. కొనలకు ఉక్కు ముళ్లు, మధ్యలో పిడి. పిడికి ముందు అరచేతిని కప్పేంత చిన్న డాలు. దెబ్బ కాచుకోవడానికీ అదే, పొడవడానికీ అదే! ఆయుధం పట్టకూడదన్న నియమమున్న ఫకీర్లు, సన్యాసులు కూడా ఇలాంటి కొమ్ములు వెంట ఉంచుకునేవారు. పొరుగునే ఉన్న తమిళనాడులో సిలంబం నేర్పే గురువులు కొందరు ఈ కొమ్ముల విద్యను ఇప్పటికీ నేర్పుతున్నారు. ఆ కృష్ణజింకే నేడు మన రాష్ట్ర జంతువు. దాని కొమ్ము జోలికి వెళ్తే జైలే.

జర్మనీలో ముళ్ల డాలు

సరిగ్గా ఇదే ఆలోచన జర్మన్లకూ వచ్చింది. అక్కడి చిన్న డాలును ‘బక్లర్’ అంటారు. కొన్నింటికి నడిమి గుబ్బ మీద ముల్లు ఉండేది. అంత చిన్న డాలు ఒంటిని ఎలా కాస్తుందన్న సందేహం రావచ్చు. అది కాచేది ఒంటిని కాదు, కత్తి పట్టిన చేతిని! చెయ్యి చాచి, డాలును కత్తి పిడికి తోడుగా కదుపుతారు. కత్తులు రెండూ పెనవేసుకున్న క్షణంలో ఎదుటివాడి చేతులను డాలుతో అదిమేస్తారు. ముల్లు ఉందంటే ఆ పిడికిలి పోటు మరింత ప్రమాదం.

ఇదంతా ఇంత వివరంగా తెలియడానికి కారణం ఒక పుస్తకం. తిక్కన తర్వాత కొద్ది దశాబ్దాలకే, 14వ శతాబ్దపు తొలినాళ్లలో, జర్మనీలో తయారైన బొమ్మల రాతప్రతి అది. ప్రస్తుతం ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో, రాయల్ ఆర్మరీస్‌లో ఉంది. అందులో గురువు ఒక మతాచార్యుడు, ఆయన ముందు శిష్యుడు. చివరి పుటల్లో వాల్పుర్గిస్ అనే స్త్రీ కూడా కత్తి, డాలు పట్టి నిలబడుతుంది! 15వ శతాబ్దంలో హాన్స్ టాల్‌హోఫర్ అనే గురువు ఇలాంటివే మరికొన్ని పుస్తకాలు తయారు చేయించాడు. న్యాయస్థానం తేల్చలేని తగాదాలను ద్వంద్వయుద్ధంతో తేల్చుకునే మనుషులు వాటిలో కనిపిస్తారు. వాళ్ల చేతుల్లో నిలువెత్తు డాళ్లు, వాటి రెండు కొసలా ముళ్లు.

ఆ పుస్తకాలను ముందు పెట్టుకుని యూరప్, అమెరికాల్లో కుర్రాళ్లు, ఉద్యోగులు వారాంతాల్లో ఆ విద్యను మళ్లీ సాధన చేస్తున్నారు. మధ్యలో కొన్ని శతాబ్దాలు తెగిపోయినా, బొమ్మ చూసి అడుగు వేయగలుగుతున్నారు.

మన దగ్గర మిగిలింది

మన విద్య తాళపత్రం కన్నా ఎక్కువగా ఒంట్లో బతికింది. గురువు అడుగు చూసి శిష్యుడు అడుగు వేయాల్సిందే. 1801లో నెల్లూరు సీమ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. పాలెగాళ్ల బలగాలు చెదిరాయి. 1878 ఆయుధాల చట్టంతో కత్తికి లైసెన్సు తప్పనిసరైంది. కత్తి పట్టేవాడే కరవయ్యాక డాలుతో పనేముంది? సాము గరిడీలు జాతర్లకు, దసరాకు, పీర్ల పండుగకు పరిమితమయ్యాయి. కర్రసాము మిగిలింది. డాలు అటకెక్కింది.

అలాగని అంతా పోలేదు. పల్నాడులోని కారంపూడిలో 12వ శతాబ్దపు వీరుల ఆయుధాలను నేటికీ పూజిస్తారు. కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవాలకు ఆచారవంతులు కొణతాలు పట్టుకుని ఊళ్ల నుంచి తరలివస్తారు. ఆయుధాన్ని దేవుణ్ని చేసి దాచుకున్నాం. దాన్ని తిప్పే ఒడుపు మాత్రం పుస్తకంలోకి ఎక్కించుకోలేదు. జాతరలో కర్ర తిప్పే పెద్దాయనకు ఆ ఎడమచేయి ఎక్కడ ఉంచాలో ఇంకా గుర్తుండవచ్చు. కథ చెప్పే గొల్లపెద్దకు పంచలింగాల పోరు నోటికి వచ్చి ఉండవచ్చు. జేబులో సెల్‌ఫోన్ ఉన్న మనవడు పక్కన కూర్చుని అడిగి రికార్డు చేస్తే చాలు, అదే మన బొమ్మల పుస్తకం. ఆ పెద్దాయన వెళ్లిపోయాక మాత్రం అడిగేందుకు ఎవరూ ఉండరు.

ఎలా వెళ్లాలి?

నెల్లూరు నుంచి కోవూరు మీదుగా విడవలూరు సుమారు 20 కిలోమీటర్లు. అక్కణ్నుంచి రామతీర్థం తీరానికి రోడ్డుంది. తిరుగు ప్రయాణంలో నెల్లూరులో పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడి చూడొచ్చు. కారంపూడి పల్నాడు జిల్లాలో ఉంది. వీరుల ఉత్సవాల సమయంలో వెళ్తే మంచిది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు.