మన పాట ఎవరి ఖాతాలో ఉంది?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

కండ్లకోయలో మా హాస్టల్ల ఈ మధ్య బ్లాక్‌చెయిన్ ముచ్చట మస్తు నడుస్తోంది. సగం మందికి అదంటే కాయిన్లు కొని డబ్బులు చేసుకోవడమే. నాకు మాత్రం మా కాకా కొడుకు గుర్తొచ్చిండు. నాకు భియా అవుతడు. మూడేళ్ల కింద ఒక లంబాడీ డీజే పాట రాసి, తనే పాడి, ఒక స్టూడియో దగ్గర ఐదు వేలు తీసుకున్నడు. కాగితం లేదు. ఇప్పుడు మా దిక్కు ఏ తండాల పెళ్లయినా ఆ పాట మోగాల్సిందే. యాడ్ పైసలన్నీ ఛానల్ వాళ్లకే. వీడియో కింద భియా పేరు కూడా తీసేసిండ్రు.

బ్లాక్‌చెయిన్ చెప్పే మాట ఇలాంటి వాళ్లకు నచ్చేదే. లెక్కల పుస్తకం ఒక్క కంపెనీ చేతిలో ఉండదు, వేల కంప్యూటర్లలో అదే నకలు ఉంటుంది. స్మార్ట్ కాంట్రాక్టులో రాసినవాడికి ఇంత, పాడినవాడికి ఇంత అని ముందే పెడితే, పైసలు రాగానే వాటంతటవే పంచుకుపోతయి. 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో పెద్ద బ్లాక్‌చెయిన్ సదస్సు పెట్టి, ఇక్కడ బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్ తెస్తామని మన ప్రభుత్వమే చెప్పింది.

కానీ కాంట్రాక్టు తనలోకి వచ్చిన పైసలనే పంచుతుంది. యూట్యూబ్ పైసలు పడేది ఛానల్ ఓనర్ బ్యాంకు ఖాతాలో. ఎన్‌ఎఫ్‌టీల సంగతీ చూసినం. బొమ్మ చేతులు మారినప్పుడల్లా కళాకారుడికి వాటా అన్నరు. ఆ వాటా ఇప్పించేది చెయిన్ కాదు, అమ్మే మార్కెట్టు. 2023 ఆగస్టులో ఓపెన్‌సీ ఇక అది తప్పనిసరి కాదని ప్రకటించింది. ఎవరి చేతిలోనూ లేదన్నది ఒక్క కంపెనీ మాటతో మారిపోయింది.

నిజానికి మన చట్టంలోనే కొంత బలం ఉంది. 2012 సవరణ ప్రకారం పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు రాయల్టీ వాటాను రికార్డింగ్ కంపెనీకి వదులుకుంటామని సంతకం పెట్టినా చెల్లదు. ఈ ముక్క మా భియాకు ఎవరు చెప్పిండ్రు?

నన్ను ఎక్కువ భయపెట్టేది తీజ్ పాటలు. మా యాడి పాడే పాట ఎవరు కట్టిండ్రో ఎవరికీ తెల్వదు, అది తండాది. బ్లాక్‌చెయిన్‌కు తెలిసేది మాత్రం ముందుగా ఎవరు ఎక్కించిండ్రన్నదే. రేపు ఏ స్టూడియోనో దాన్ని తన పేరున ఎక్కిస్తే, ఆ అబద్ధం చెరగకుండ అట్లనే ఉంటది. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు జీఐ గుర్తింపు వచ్చింది. అక్కడ పేరు ఒక్కరికి కాదు, ఆ ప్రాంతంలో ఆ పని చేసేవాళ్లందరికీ. కానీ జీఐ వస్తువులకే, పాటకు రాదు.

అందుకే ఈసారి తీజ్‌కు పోయినప్పుడు మన పాటలు రికార్డు చేద్దామనుకుంటున్న. పాడినవాళ్ల పేరు, తండా పేరు, తేదీతో. వికీమీడియా కామన్స్‌లో పెడితే ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కాబట్టి ఏది బయటికి పోవాలో, ఏది తండాలనే ఉండాలో ముందు యాడీలను అడగాలె. కొందరు వద్దంటరు. వద్దంటే వద్దే.

భియా రెండో పాట రికార్డింగ్ వచ్చే నెల. ఈసారి వాటాలు రాసి, అందరి సంతకాలు తీసుకున్నాకే మైకు ముందు నిలబడుతనంటున్నడు. డీజే పాటలు చేసేవాళ్లు గ్రూపులో ఉంటే, మీరు కాగితం ఎట్ల రాసుకున్నరో కింద పెట్టండి. భియాకు పంపుత.