పేరుకై ఎదురుచూసే సాలీడు

కుతుబ్ మీనారు దాటి దక్షిణంగా సాగితే మేడలు పలచబడి, ఆరావళి శ్రేణికి ఉత్తరపు కొసన ఉన్న రాతిమిట్టలు ఎదురవుతాయి. ఢిల్లీ సరిహద్దున ఉన్న అసోలా–భట్టీ అభయారణ్యం ఇదే. అసోలా భాగాన్ని 1986లోను, భట్టీ భాగాన్ని 1991లోను అభయారణ్యంగా ప్రకటించారు. ఒకప్పుడు ఇసుక, రాయి తవ్విన గోతులలో కొన్ని నేడు నీటి మడుగులైనాయి. సందర్శకులు నీల్‌గాయి కోసం, అదృష్టముంటే చిరుతపులి కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తారు. కాలి పక్కనున్న రాతిమీద నిలిచి తమనే తేరిపార చూస్తున్న గోధుమగింజంత ప్రాణి వారి కంటబడదు.

అది దూకే సాలీడు. వల పన్ని కాచుకొనదు. ముందరి రెండు పెద్దకళ్ళతో గురిచూసి, వెనుక కాళ్ళలోనికి దేహద్రవాన్ని ఒక్కసారిగా ఒత్తి, ఈగమీదికి లంఘిస్తుంది. సాలీళ్ళలో ఇంతటి పెద్ద కుటుంబం మరొకటి లేదు. లోకంలో 6,000కు పైగా జాతులకు నామకరణం జరిగింది. మిగిలినవి ఎదురుచూస్తున్నాయి.

ఆ రాతిమీది ప్రాణి కొత్తదో కాదో రంగును చూసి చెప్పలేము. ఆడదానికి, మగదానికి వేషాలు వేరు, పిల్లలకు మరొకటి. పైగా ఆల్కహాలులో ఉంచగానే వన్నె వెలిసిపోతుంది. మారని సాక్ష్యం జననాంగాలది. మగసాలీడు నోటి పక్కనున్న చిన్న స్పర్శాంగాల కొనలు ఉబ్బి ఉంటాయి. వాటిలోని సన్నని సూది పొడవు, వంపు, పక్కనున్న ముల్లు ఆకారం జాతిజాతికీ భిన్నం. ఆడదాని పొట్ట క్రిందనున్న చిన్నపలకను కోసి తీసి, లవంగనూనెలో నానవేస్తారు. మన వంటింటి లవంగమే! పలక పారదర్శకమై, లోపలి నాళాల మెలికలు సూక్ష్మదర్శిని క్రింద తేటపడతాయి.

ఆపైన అసలు శ్రమ. 1757లో స్వీడన్ దేశీయుడు క్లెర్క్ వ్రాసిన గ్రంథం మొదలుకొని నేటివరకు వెలువడిన వర్ణనలతో, అవసరమైతే సంగ్రహాలయాలలోని మూలనమూనాలతో, పోల్చి చూడాలి. ఠాణే ప్రాంతంలో దొరికిన ఒక సాలీడు ఈ పరీక్షలన్నీ నెగ్గి, 2008 ముంబయి దాడిలో కసబ్‌ను ఒడిసిపట్టి ప్రాణమిచ్చిన పోలీసు తుకారాం ఓంబ్లే పేరును 2021లో ధరించింది.

ఇందులో ఒక కఠినమైన బేరమున్నది. పేరు పొందాలంటే ఆ ప్రాణి చావాలి; పేరు లేనిదానికి రక్షణ జాబితాలలో చోటు దొరకడం కష్టం. నగరం మిట్టలమీదికి ప్రాకుతున్న చోట ఇది చిన్న విషయం కాదు. దొరికినది మగది మాత్రమే అయితే పరిశోధకుడు ఆడదానికై మళ్ళీ ఆ తుమ్మపొదల చుట్టూ తిరగవలసి రావచ్చు. అంతదాకా సీసామీది చీటీలో ప్రజాతి పేరు ఉంటుంది. జాతి పేరుండవలసిన చోటు ఖాళీ.