కాన్పుగది దీపం

2024లో కేంద్రప్రభుత్వం ఇళ్లమీద సౌరవిద్యుత్తుకు సబ్సిడీ పథకం పెట్టిన దగ్గరనుంచి మా బరంపురంలో మేడలమీద నల్లపలకలు తరచుగా కనబడుతున్నవి. వడియాలు ఎండబెట్టుకునే చోటు పోయిందని మా ఇంట్లో సణుగుడు. అది వేరే సంగతి. ఇళ్లమాట అలా ఉంచి, ఆసుపత్రులన్నీ సూర్యుడివల్లనో గాలివల్లనో పుట్టే కరెంటుతోనే నడవాలని చట్టం చేయాలనేవారు కూడా ఉన్నారు. బొగ్గుపొగకు ఊపిరితిత్తులు చెడినవాడికి మళ్లీ బొగ్గు కరెంటుతోనే వైద్యం చేయడమేమిటని వారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని గంజాం జిల్లాలో సముద్రానికి దగ్గరగా కాపురముంటున్న మాకు దానికంటె ముందు మరొక ప్రశ్న తోస్తుంది. గాలివాననాడు ఆ కరెంటు ఉంటుందా?

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014లో అదే తేదీన, హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతాన్ని కొట్టింది. దసరా రోజులు వస్తే పండుగ సరుకులతోపాటు కొవ్వొత్తులు కూడా చీటీలో రాసుకోవడం మాకు అలవాటైపోయింది.

ఫైలిన్ నాటికి మా రెండో అమ్మాయి పురిటికి వచ్చి ఉన్నది. గాలి తగ్గిన మరునాడు నొప్పులు మొదలైనవి. దారికి అడ్డంగా పడిన చెట్లను తప్పించుకుంటూ ఎలాగో ఒక నర్సింగుహోముకు చేర్చాము. అక్కడ జనరేటరు బాగానే ఉన్నది, డీజిలే లేదు. కాపలాదారు ఇచ్ఛాపురం వైపు మనిషి. "రాత్రి పదిగంటలదాకా వస్తాదండి బాబూ. ఆపైన దేముడే దిక్కు" అన్నాడు. బంకులో నేలకింద డీజిలు ఉన్నదట; దాన్ని పైకి తోడే పంపుకు కరెంటు లేదు! బోరు మోటారు ఆగింది గనుక కుళాయిలో నీళ్లు కూడా లేవు. డాక్టరమ్మగారు మిగతా గదులన్నీ చీకటి చేయించి ఒక్క కాన్పుగదికే జనరేటరు వాడించారు. అదీ నిలిచిపోయాక, తెల్లవారుజామున, రెండు టార్చిలైట్ల వెలుతురులో మనవరాలు పుట్టింది. పిల్ల బరువు తక్కువ, ఒళ్లు చల్లబడుతున్నది. పసిపిల్లలకు వెచ్చదనమిచ్చే యంత్రం పక్కనే బీరువాలాగా నిలబడి ఉన్నది. తల్లి రొమ్ముకు ఆనించి, పైన మా పాతచీరలు కప్పి, తెల్లవార్లూ కాచుకున్నాము. ఆ పిల్లకు ఇప్పుడు లెక్కలంటే భయం తప్ప మరో జబ్బు లేదు.

అప్పుడు ఆ కప్పుమీద సౌరపలకలు ఉంటే ఇంత అవస్థ ఉండేది కాదుగదా అని పాఠకులు అనుకోవచ్చు. అక్కడే తిరకాసు ఉన్నది. సాధారణంగా బిగించే పలకలు వీధి కరెంటుతో ముడిపడి పనిచేస్తవి. వీధిలో కరెంటు పోతే, ఎండ మండిపోతున్నా, అవీ ఆగిపోతవి. తీగలు బాగుచేసే లైన్‌మన్‌కు కప్పుమీది కరెంటు తగిలి ప్రాణం పోకుండా చేసిన కట్టుబాటు అది. బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టరు ఉంటేనే చీకట్లో దీపం వెలుగుతుంది. బ్యాటరీకి ఖర్చెక్కువ గనుక చాలామంది దాన్ని వదిలేస్తారు.

చట్టాలు చేయడం కొత్తేమీ కాదు. కర్ణాటకలో 2007లోనే ఆసుపత్రులతో సహా అనేక కట్టడాలకు సూర్యరశ్మితో నీళ్లు కాచే ఏర్పాటును తప్పనిసరి చేశారు. హర్యానాలో 2014లో ప్రైవేటు ఆసుపత్రులు కొంత సౌరవిద్యుత్తు పెట్టుకోవాలన్నారు. కాని కప్పుమీద ఇన్ని కిలోవాట్లు అని మాత్రమే రాస్తే కట్టడం చట్టాన్ని పాటిస్తుంది, రోగి చీకట్లోనే ఉంటాడు.

ఛత్తీస్‌గఢ్‌లో జరిగిన పని మాకు ఎక్కువ నచ్చింది. అక్కడ క్రెడా అనే ప్రభుత్వసంస్థ ప్రాథమిక ఆరోగ్యకేంద్రాలకు బ్యాటరీలతో సహా సౌరవిద్యుత్తు పెట్టించింది. 2017లో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం, కరెంటు కొరత ఉండి సౌరవిద్యుత్తు లేని కేంద్రాలకంటె, ఉన్నవాటిలో నెలకు దాదాపు రెట్టింపు కాన్పులు జరిగినవి. దీపం వెలుగుతుందన్న నమ్మకం ఉంటే గర్భిణిని అర్ధరాత్రి పట్నానికి తరలించవలసిన పని ఉండదు.

పెద్దాసుపత్రుల లెక్క వేరు. ఒక కిలోవాటు పలకలకు సుమారు నూరు చదరపుటడుగుల చోటు కావాలి. రోజుకు నాలుగు యూనిట్లు వస్తే గొప్ప. అయిదంతస్తులు, లిఫ్టులు, ఏసీలు, స్కానింగు యంత్రాలు ఉన్నచోట కప్పు ఏమూలకు? వారు దూరంగా ఉన్న సౌరకేంద్రాలనుంచి కొనుక్కోవచ్చు. బొగ్గు తగ్గుతుంది, మంచిదే. కాని ఆ కరెంటూ తుపానుకు తెగే ఈ తీగలమీదనే రావాలి. పైగా గాలివాన వెళ్లాక రెండుమూడు రోజులు మబ్బు వీడదు. పలకల చట్రాలు సరిగా బిగించకపోతే అవే ఎగిరివచ్చి పక్కింటిమీద పడతవి. అందుచేత డీజిలు జనరేటరును ఇప్పుడే పాత ఇనుముకు అమ్మేయమని మేము అనము. చట్టంలో మొదటి వాక్యం కాన్పుగది గురించి, టీకాల ఫ్రిజ్జి గురించి ఉండాలని మాత్రం అంటాము. ఆ ఫ్రిజ్జిలో చలి 2నుంచి 8 డిగ్రీల మధ్యనే నిలవాలి. కరెంటు వచ్చేదాకా టీకాలు ఆగవు.

మా సంఘం ఉచిత వైద్యశాలకు కూడా పలకలు పెట్టాలనే ఆలోచన సాగుతున్నది. రెండు అంచనాలు వచ్చినవి, బ్యాటరీతో ఒకటి, లేకుండా ఒకటి. తేడా సొమ్ము చూసి కోశాధికారిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కరెంటు పోతే ఏవేవి ఆగకూడదో రాసి ఇమ్మని డాక్టరుగారిని అడిగాము. టీకాల ఫ్రిజ్జి, ఆక్సిజన్ యంత్రం, ఆయాసం రోగులకు మందు ఆవిరిపట్టే యంత్రం, బోరు మోటారు, పరీక్షగదిలో రెండు దీపాలు రాశారు. ఆరోదిగా తమ గది ఏసీ రాసి, తామే కొట్టివేశారు. ఆ చీటీ వచ్చే నెల సమావేశంలో చదువుతాము.