రికార్డుకు రెండో వైపు

డాలస్ నుంచి ఐ-35 హైవే మీద తిన్నగా దక్షిణానికి పోతే వంద మైళ్ల లోపే వేకో వస్తుంది. మా ఫ్రిస్కో నుంచైతే రెండు గంటల ప్రయాణం. ఇక్కడి తెలుగువాళ్లు ఆస్టిన్‌కి పోతూ ఆ ఊరు దాటిపోతారే గాని దిగరు. మేం దిగడానికి కారణం మా మామగారు.

ఆయన ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో పంతులుగా పనిచేసి రిటైరయ్యారు. వాళ్ల ఊరి బాప్టిస్టు చర్చిలో ఆదివారం హార్మోనియం ఆయనదే. మా దగ్గరికి వచ్చాక పగలంతా ఒంటరిగా ఉంటూ అమెరికా నల్లజాతి చర్చిల పాత గాస్పెల్ పాటలు వినడం అలవాటు చేసుకున్నారు. ఓ సాయంత్రం నేను ఆఫీసు పని ముగించి లేచేసరికి ఫోను చేతిలో పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

“అమ్మాయ్, ఇది విన్నావా? ఒకాయన అందుకుంటున్నాడు, తక్కినవాళ్లు అందరూ తిప్పి అంటున్నారు. మన పల్లెలో భజన ఇట్లాగే కదా సాగేది!”

వేకోలోని బేలర్ విశ్వవిద్యాలయం వాళ్ల లైబ్రరీలో ఇలాంటి పాటలకు పెద్ద భాండాగారమే ఉందనీ, కాపీరైటు వల్ల వాటిలో కొన్నిటిని ఆ ఆవరణలో కూర్చునే పూర్తిగా వినాలనీ చెప్పాను. “అయితే పోదాం పదమ్మా” అన్నారు.

దారిలో హిల్స్‌బరో దాటాక వెస్ట్ అనే చిన్న ఊరుంది. చెక్ దేశం నుంచి వలస వచ్చినవాళ్ల ఊరు అది. పండ్ల గుజ్జు పెట్టిన మెత్తటి కొలాచీలకు ప్రసిద్ధి. అక్కడ టీ తాగి, కొలాచీలు కొనుక్కుని మళ్లీ బయల్దేరాం. కారులో మామగారికి బేలర్ కథ చెబుతూ వచ్చాను. చెప్పేకొద్దీ ఆయన ముఖంలో ఉత్సాహం తగ్గిపోయింది. 1845 ఫిబ్రవరిలో, టెక్సస్ ఇంకా వేరే దేశంగా ఉన్నప్పుడు, బాప్టిస్టులు పెట్టించుకున్న విద్యాసంస్థ అది. అదే ఏడాది మే నెలలో అమెరికా బాప్టిస్టులు రెండుగా చీలిపోయారు. బానిసల్ని ఉంచుకున్నవాడు మిషనరీగా వెళ్లవచ్చా అన్న తగాదా మీద దక్షిణాది వాళ్లు వేరుపడి సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ పెట్టుకున్నారు. బేలర్ మొదటి ధర్మకర్తల్లో చాలామంది బానిసల యజమానులేనని విశ్వవిద్యాలయం తానే 2020లో వేసిన కమిషను తేల్చింది.

“మరి మన క్లౌ దొర?” అని వెంటనే అడిగారు. ఒంగోలు బాప్టిస్టు ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ ప్రశ్న రాక మానదు. క్లౌ దొరను మిషనరీగా పంపిన, నెల్లూరుకీ ఒంగోలుకీ వచ్చిన మిషన్ ఉత్తరాది వాళ్లదని చెప్పాను. మామగారు తల పంకించి ఊరుకున్నారు. నాకు మాత్రం ఆ జవాబుతో తృప్తి కలగలేదు. ఏ దిక్కున నిలబడ్డారన్నది ఒక మాట. ఎవరి గొంతు వినిపించుకున్నారన్నది ఇంకో మాట. ఆ రోజంతా నా మనసు ఆ రెండో మాట చుట్టూనే తిరిగింది.

బ్రేజస్ నది ఒడ్డున బేలర్ ఆవరణ విశాలంగా, ఎర్ర ఇటుక భవనాలతో పచ్చగా ఉంటుంది. ప్యాట్ నెఫ్ హాలు గోపురంలోని 48 గంటలు కట్టిన వాద్యం మోగుతుంటే మామగారు కాసేపు నిలబడిపోయారు. ఇప్పటికీ ఇక్కడ డిగ్రీ విద్యార్థులకు రెండు సెమిస్టర్ల చాపెల్ ప్రార్థన సభలు తప్పనిసరి. టిడ్‌వెల్ భవనం ముందు రెండు విగ్రహాలున్నాయి. అవి 1967లో ఇక్కడ పట్టా పొందిన మొదటి నల్లజాతి విద్యార్థులు బార్బరా వాకర్, రాబర్ట్ గిల్బర్ట్‌లవి. నల్లజాతి విద్యార్థుల్ని చేర్చుకోవాలని ధర్మకర్తలు తీర్మానించింది 1963 చివర్లో. అంటే సంస్థ పెట్టిన నూట పద్దెనిమిదేళ్లకు. ఆ విగ్రహాలు నిలబెట్టింది 2023లో.

పాటల భాండాగారం మూడీ లైబ్రరీలో ఉంది. దాని పుట్టుక వెనక ఓ పత్రికా వ్యాసం ఉంది. రాబర్ట్ డార్డెన్ అనే ఆయన బేలర్‌లో జర్నలిజం పాఠాలు చెప్పేవారు. అంతకుముందు బిల్‌బోర్డ్ పత్రికలో గాస్పెల్ సంగీత విభాగం సంపాదకులుగా ఉన్నారు. నల్లజాతి గాస్పెల్ చరిత్ర మీద పుస్తకం రాస్తూ, తాను రాస్తున్న పాటల్లో చాలా వాటిని ఇక ఎక్కడా వినలేమని గ్రహించారు. 1945 నుంచి 1975 దాకా, గాస్పెల్‌కి స్వర్ణయుగమనే ఆ ముప్పై ఏళ్లలో వచ్చిన రికార్డుల్లో ముప్పాతిక వంతు పోయాయనో, దొరకని స్థితిలో ఉన్నాయనో ఆయన అంచనా. 2005 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్‌లో ఆ బాధంతా వ్యాసంగా రాశారు. అది చదివి చార్లెస్ రాయ్స్ అనే పెట్టుబడిదారు, ఈ పాటల్ని కాపాడటానికి ఏం కావాలో చెప్పమని అడిగి డబ్బిచ్చారు. పని అలా మొదలైంది.

పోవడమంటే ఎలా పోయాయో తెలిస్తేనే ఈ పని విలువ తెలుస్తుంది. ఊరి చర్చి బృందం నలుగురూ చందాలేసుకుని, కొన్ని వందల ప్రతులు అచ్చు వేయించుకునేవారు. ఆరాధన అయ్యాక కారు డిక్కీ తెరిచి అక్కడే అమ్ముకునేవారు. పెద్ద కంపెనీ పేరు ఉండదు, మాస్టర్ టేపు ఎవరి దగ్గరా ఉండదు. ముసలావిడ కాలం చేస్తే పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తూ ఆ అట్టపెట్టె చెత్తబండిలో వేస్తారు. ఆ పెట్టెలో ఉన్నది ఆ పాటకు చివరి ప్రతే కావచ్చు.

ఇక్కడికి చేరిన ప్రతి రికార్డునీ ముందు శుభ్రంగా కడుగుతారు. గాళ్లలో పేరుకున్న దుమ్ము పోయాక దానికి తగిన ముల్లు ఎంచుకుని, రెండు వైపులా చివరిదాకా కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. లేబుళ్ల ఫొటోలు కూడా తీస్తారు. భద్రపరిచే ప్రతిలో గరగర, చిటచిట చప్పుళ్లు తీసేయరు. శుభ్రం చేసే తెలివి రేపు ఇంకా పెరుగుతుంది, ఇవాళ తీసేసింది మాత్రం తిరిగి రాదు. రికార్డు ఇవ్వడానికి మనసొప్పని కుటుంబాల దగ్గర అరువు తీసుకుని, ఎక్కించుకుని, వెనక్కి పంపేస్తారు. ఈ పద్ధతి నాకెంతో నచ్చింది. వస్తువు వాళ్ల ఇంట్లోనే ఉంటుంది, పాట మాత్రం అందరిదీ అవుతుంది.

మామగారికి హెడ్‌ఫోన్లు పెట్టి ముందు వినిపించింది మైటీ వండర్స్ అనే బృందం పాడిన ‘ది ఓల్డ్ షిప్ ఆఫ్ జయాన్’. మేరీల్యాండ్ రాష్ట్రంలో అక్వాస్కో అనే చిన్న ఊరి బృందం అది. ఈ పాటను మొదటిసారి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నప్పుడు విన్నవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారని డార్డెన్ చాలాచోట్ల చెప్పారు. వాషింగ్టన్‌లో 2016లో తెరిచిన నల్లజాతి చరిత్ర, సంస్కృతుల జాతీయ మ్యూజియంలోకి కూడా ఈ భాండాగారం నుంచి పాటలు వెళ్లాయి. మామగారు మొదట మోకాలి మీద తాళం వేశారు. సగంలో ఆపేశారు. అయిపోయాక హెడ్‌ఫోన్లు తీయకుండానే, “మళ్లీ పెట్టమ్మా” అన్నారు.

తర్వాత రెండో వైపుల సంగతి వచ్చింది. చిన్న రికార్డుకి మొదటి వైపున రేడియోలో వేయదగ్గ పాట ఉంటుంది. రెండో వైపు పాటను కొనుక్కున్నవాళ్లు తప్ప ఎవరూ పట్టించుకోరు. రెండు వైపులా వరసగా ఎక్కిస్తూ పోయేసరికి డార్డెన్ బృందానికి ఓ సంగతి తెలిసింది. పౌరహక్కుల ఉద్యమ కాలపు రికార్డుల్లో ఆ రెండో వైపున స్వేచ్ఛ కోసం, ఓటు కోసం, సమానత్వం కోసం పాడిన పాటలు వాళ్లు ఊహించినదానికంటే ఎక్కువగా దొరికాయి. ఆ రోజుల్లో దక్షిణాది ఊళ్లలో అలాంటి పాట గట్టిగా పెట్టడమే ప్రాణం మీదికి తెచ్చుకోవడం. అయినా పాడారు, అచ్చు వేయించారు, చర్చి మెట్ల మీద అమ్మారు. డార్డెన్ తర్వాత ఈ పాటల గురించే రెండు సంపుటాలు రాశారు. హిట్ పాటల జాబితాలు చూసి చరిత్ర రాసేవాళ్లకు ఇది ఎప్పటికీ తెలిసేది కాదు.

మధ్యాహ్నం బయట చెట్టు కింద కూర్చుని పులిహోర తిన్నాక, ఫోనులో ఇంకో గొంతు వినిపించాను. దీనికి వేకో దాకా రానక్కర్లేదు, ఎక్కడినుంచైనా వినవచ్చు. బేలర్‌లో 1970లో మౌఖిక చరిత్ర సంస్థ పెట్టారు. మనుషుల్ని కూర్చోబెట్టి, గంటల తరబడి వాళ్ల జీవితాన్ని వాళ్ల నోటితోనే చెప్పించి రికార్డు చేయడం దాని పని. సంభాషణ మొత్తం అక్షరాల్లో కూడా పెడతారు. అందులో వివియన్ మలోన్-మేస్ గారి జ్ఞాపకాలున్నాయి. 1980ల చివర్లో చేసిన రికార్డింగు అది.

ఆవిడ 1932లో ఈ వేకోలోనే పుట్టారు. ఫిస్క్ విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఊరికి తిరిగొచ్చి నల్లజాతి కాలేజీలో గణిత శాఖ నడిపారు. 1961లో ఇంకా చదువుకుందామని ఇంటి పక్కనే ఉన్న బేలర్‌కి దరఖాస్తు పెడితే, నల్లజాతి మనిషి కనుక చేర్చుకోమన్నారు. ఆస్టిన్ వెళ్లి టెక్సస్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ ఆర్.ఎల్. మూర్ అనే పేరున్న ప్రొఫెసర్ తన తరగతిలోకి రానివ్వలేదు. తోటి విద్యార్థులు, గురువు కలిసి లెక్కలు చర్చించుకునే కాఫీ హోటల్లో నల్లవాళ్లకు ప్రవేశం లేదు. అయినా 1966లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. అమెరికాలో గణితంలో ఆ పట్టా పొందిన నల్లజాతి స్త్రీలలో ఆవిడ అయిదవవారు. విద్యార్థిగా వద్దన్న బేలరే అదే ఏడాది ఆవిడను ప్రొఫెసరుగా తీసుకుంది. బేలర్‌లో మొదటి నల్లజాతి అధ్యాపకురాలు ఆవిడే. 1971లో అక్కడి విద్యార్థి సంఘమే ఉత్తమ అధ్యాపకురాలిగా ఎన్నుకుంది. ఆదివారాలు న్యూ హోప్ బాప్టిస్టు చర్చిలో ఆర్గన్ వాయించేవారు.

ఆ ఆఖరి సంగతి దగ్గర మామగారు నన్ను ఆపారు. “లెక్కల ప్రొఫెసరు, ఆదివారం ఆర్గన్ వాయించేదా?” అని రెండుసార్లు అడిగారు.

ఈ సంగతులన్నీ ఆవిడ గురించిన వ్యాసాల్లో దొరుకుతాయి. కానీ వ్యాసంలో ‘తిరస్కరించారు’ అన్న ఒక్క మాటతో అయిపోయేదాన్ని మనిషి నోట వింటే, చెప్పే ముందు తీసుకున్న ఊపిరి, వాక్యం మధ్యలో ఆగిన చోటు, ఇంకో సంగతిలోకి మళ్లిన తీరు కూడా చెవిన పడతాయి. అక్షరాల ప్రతిలో అవి చుక్కలుగానో గీతలుగానో మిగులుతాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినమని ఎవరికైనా చెబుతాను. బేలర్ జట్టులో, సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ అనే కాలేజీ లీగు మొత్తంలోనే, 1966లో ఫుట్‌బాల్ ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు జాన్ వెస్ట్‌బ్రూక్ గొంతు కూడా ఇక్కడే ఉంది.

తాను బయట నిలబెట్టిన మనుషుల చేత, వాళ్లు ఎదుర్కొన్నదంతా వాళ్ల మాటల్లోనే చెప్పించి, దాన్ని తన సొంత లైబ్రరీలో భద్రంగా ఉంచి, ప్రపంచంలో ఎవరు అడిగినా వినిపించడం ఏ విద్యాసంస్థకైనా తేలిక కాదు. అంతమాత్రాన చేసిన తప్పు చెరిగిపోదు. కానీ ఆ టేపులు ఉన్నంతకాలం ఆ తప్పు జరగలేదని ఎవరూ అనలేరు. నేను బేలర్‌ని గౌరవించేది ఈ పనికే.

తిరుగు దారిలో మామగారు గుండ్లకమ్మ నది గురించి ఎత్తారు. 1876 నుంచి 78 దాకా మన దగ్గర పడిన మహాక్షామంలో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. లెక్క ఉంది, తేదీ ఉంది, దొర రాసిన పుస్తకమూ ఉంది. ఆ నీళ్లలోకి దిగినవాళ్లు ఏం పాడుకున్నారో మాత్రం వినే మార్గం లేదు. ఎడిసన్ ఫోనోగ్రాఫు కనిపెట్టింది ఆ బాప్తిస్మాలకు ఏడు నెలల ముందే, 1877 డిసెంబరులో.

“అప్పుడు యంత్రం రాలేదు సరే. వచ్చాక కూడా మనం ఏం చేశామమ్మా?” అన్నారు మామగారు. “పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పుస్తకాల్లోకెక్కాయి. మా పల్లెలో నాట్లప్పుడు ఆడవాళ్లు కట్టుకున్న యేసు పాటలు ఎక్కడా ఎక్కలేదు. మా అక్కకి ఇంకా వస్తాయి. దాని తర్వాత వచ్చినవాళ్లకు రావు.”

ఆ అక్కగారిని నేనూ ఎరుగుదును. పెళ్లయిన కొత్తలో ఆవిడ పాడగా విన్నాను. డప్పు లేకుండానే, ఒంటి చేత్తో గడప మీద దరువు వేస్తూ పాడేవారు.

“ఊరెళ్లగానే ఫోనులో రికార్డు చేస్తాను. ఎట్లా చేయాలో చెప్పు” అన్నారు.

వేకోలో నేర్చుకున్నదే చెప్పాను. “ఫ్యాను ఆపండి మామయ్య గారూ. పాటకు ముందు తేదీ, ఊరు, మీ అక్కగారి పూర్తి పేరు మీ గొంతుతోనే చెప్పండి. పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగండి. తప్పు పాడినా ఆపకండి, కోళ్లు అరిచినా కత్తిరించకండి. ఒక ప్రతి మీ దగ్గరుంచి, ఇంకోటి నాకు పంపండి.”

మామగారు జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి, వెస్ట్ దాటేలోపు అన్నీ వరసగా రాసుకున్నారు. తర్వాత అదే పేజీ కింద, అక్కకి వచ్చని తనకు గుర్తున్న పాటల మొదటి మాటలు ఒక్కొక్కటీ రాయడం మొదలుపెట్టారు.