తొంభైతొమ్మిదేళ్ళ ఇళ్ళ ఊరు - తోవా పాయో

సింగపూరు వెళ్ళివచ్చినవారి యాత్రా విశేషాలలో పక్షుల పార్కు, సెంటోసా దీవి, ముస్తఫా దుకాణం తప్పక చోటు చేసుకుంటాయి. వాటిని గురించి లోగడ మిత్రులు ఎందరో వ్రాసియున్నారు గనుక మేము వాటి జోలికి పోవడం లేదు. మా అమ్మాయి ఉద్యోగరీత్యా అక్కడి ప్రభుత్వ గృహ సముదాయంలో ఒక ఇంట అద్దెకు ఉంటున్నది. 2024 మార్చిలో మేము దంపతులము ఆమె వద్ద మూడు వారాలు గడిపి, అందులో అధిక భాగం ఆ పేట వీధులలోనే తిరిగాము. పేట పేరు తోవా పాయో. ముప్పై ఏళ్ళుగా టౌన్‌షిప్ క్వార్టర్లలో కాపురం చేస్తున్న మాబోటివారికి అక్కడ చూడదగినది, ఆలోచించదగినది చాలా కనిపించింది.

హొక్కియెన్ చైనీయుల భాషలో 'తోవా' అంటే పెద్దది. మలయ్ భాషలో 'పాయా' అంటే చిత్తడినేల. వెరసి పెద్ద చిత్తడి. ఒకప్పుడు అక్కడ మిరియాల తోటలు, తరువాత కూరగాయల మడులు, పందుల పెంపకం, తాటాకు, రేకు కప్పుల గుడిసెలు ఉండేవి. 1927లో ఆంగ్లేయులు స్థాపించిన ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు మూడు దశాబ్దాలకు పైగా శ్రమించి నగరమంతటా కలిపి కట్టినవి దాదాపు 23 వేల ఇళ్ళు మాత్రమే. 1960 ఫిబ్రవరి 1న దాని స్థానంలో హౌసింగ్ అండ్ డెవలప్‌మెంట్ బోర్డు వచ్చింది. అక్కడివారు పొడి అక్షరాలలో హెచ్.డి.బి. అంటారు. తొలి అధ్యక్షుడు లిమ్ కిమ్ సాన్ వ్యాపారవేత్త. మొదటి మూడేళ్ళు జీతం పుచ్చుకోకుండా పనిచేశాడు. ఆ బోర్డు తొలి అయిదేళ్ళలో 50 వేలకు పైగా ఇళ్ళు కట్టింది. ప్రణాళికా లక్ష్యాలూ, వాస్తవ సాధనలూ చదివి చదివి అలసిన మనబోటి ఉద్యోగులకు ఈ అంకెలు రెండుసార్లు చూసుకుంటే గాని నమ్మబుద్ధి కావు.

అంత వేగానికి కారణం ఒక్క పట్టుదలే కాదు, భయం కూడా. 1961 మే 25న బుకిట్ హో స్వీ గుడిసెలలో చెలరేగిన అగ్నిప్రమాదం దాదాపు 16 వేల మందిని ఒక్క పూటలో నిరాశ్రయులను చేసింది. ఏడాది తిరిగేలోగా ఆ ప్రాంతంలోనే కొత్త ఇళ్ళలో మొదటివి సిద్ధమయ్యాయి. ప్రభుత్వం మాట చెల్లుతుందన్న నమ్మకం జనానికి అప్పుడు కుదిరిందని పలువురి అభిప్రాయం.

తోవా పాయోలో మాత్రం జనం అంత సులువుగా కదలలేదు. తరతరాలుగా సాగుచేసుకున్న మడులను, పందుల దొడ్లను విడిచి పదో అంతస్తుకు ఎక్కమంటే ఎవరు మాత్రం సంతోషిస్తారు? ప్రతిఘటన వలన పని ఆలస్యమై, 1964 ప్రాంతంలో గాని నేల చదును కాలేదు. పక్కనున్న గుట్టలను తవ్వి, ఆ మట్టితోనే చిత్తడిని పూడ్చారు. తవ్వినదీ పూడ్చినదీ ఒకే ఆవరణలో సరిపోవడం సివిల్ ఇంజనీరుకు కన్నుల పండుగ. 1966లో భూసేకరణ చట్టం వచ్చిన పిదప నేల మరింత చవకగా ప్రభుత్వపరమైంది. ఆ చవకదనం భారం ఎవరిపై పడిందో విడమరచి చెప్పనక్కరలేదు. లేచిపోయిన పల్లెల చిన్న గుడులు అయిదు కలిసి ఒకే ప్రాంగణంలో కొలువుతీరిన ఆలయం ఈనాటికీ లోరాంగ్ 7లో ఉన్నది. లోరాంగ్ అంటే మలయ్‌లో సందు. వీధులన్నీ సందు నంబర్లే. దేవుళ్ళు సైతం ఇరుగుపొరుగున ఇమిడిపోవలసి వచ్చిందన్నమాట! లోరాంగ్ 8లోని కాళియమ్మన్ గుడిలో తమిళ భక్తుల సందడిలో మా తెలుగు గోత్రనామాలకూ అర్చన జరిగింది.

క్వీన్స్‌టౌన్ తరువాత ఇది రెండవ ఉపనగరం. బోర్డు ఆద్యంతం తానే రూపకల్పన చేసినవాటిలో మొదటిది. తమ పనితనం అతిథులకు చూపడానికి 53వ బ్లాకు పైన, 19 అంతస్తుల ఎత్తున, ఒక వీక్షణ వేదిక కూడా కట్టారు. 1972లో బ్రిటిష్ రాణి రెండవ ఎలిజబెత్ అక్కడికి వచ్చి ఒక సామాన్య కుటుంబం ఇంట అడుగుపెట్టింది. మరుసటి ఏడాది ఆగ్నేయాసియా క్రీడలకు క్రీడాకారుల బస ఈ పేటలోనే. అప్పటి ఎత్తైన బ్లాకులలో ఇప్పుడు గృహస్థులే ఉంటున్నారు. దేశపు తొలి మెట్రో రైలు 1987 నవంబరు 7న ఇక్కడి నుండే నడిచింది. 2002లో హెచ్.డి.బి. ప్రధాన కార్యాలయమే ఇక్కడికి తరలి వచ్చింది.

వీటన్నిటికంటె మమ్ములను ఆకట్టుకొన్నది నేల అంతస్తు. ఎన్నో బ్లాకులకు కింద స్తంభాలు తప్ప ఇళ్ళు లేవు. దీనిని వాయిడ్ డెక్ అంటారు. ఉదయం వృద్ధులు రాతి బల్లలపై చదరంగం ఆడతారు. శనివారం మలయ్ వారి పెళ్ళి, మంగళవారం చైనీయుల ఇంటి మృతునికి నివాళి, రెండూ అక్కడే. పెళ్ళివారి బిర్యానీ వాసనా, అంత్యక్రియల అగరుధూపమూ ఒకే వారంలో ఒకే చోట పీల్చాము. మన టౌన్‌షిప్‌లలో కమ్యూనిటీ హాలుకు దరఖాస్తు, డిపాజిట్టు, సంతకాలు ఉంటాయి. అక్కడా అనుమతి అవసరమే. కానీ ఇంటికిందే ఉన్న నీడకు మనిషి ఎంత సహజంగా చేరుతాడో కళ్ళారా చూశాము. పై అంతస్తుల కిటికీల నుండి జెండాల వలె వెదురుగడలకు గుచ్చిన బట్టలు ఆరుతుంటాయి. తడిసిన చీరను అలా గడకు ఎక్కించి బయటికి తోయడం ఒక విద్య. మా శ్రీమతికి మూడో రోజుకు పట్టుబడింది.

పేటలో మాకు ఒక తమిళ వృద్ధ దంపతులతో పరిచయం కలిగింది. మద్రాసులో పనిచేసిన రోజులలో అబ్బిన తమిళం ఇక్కడ అక్కరకు వచ్చింది. ఆయనకు 78 ఏళ్ళు, రేవులో క్రేను నడిపి విశ్రాంతి తీసుకున్నారు. 1970లో ఈ మూడు గదుల ఇంట చేరారట. అక్కడి లెక్కలో హాలు కూడా గదే కనుక మూడు గదులంటే మన రెండు పడకగదుల ఇల్లు. 1964లో ఇళ్ళను అద్దెకు గాక అమ్మే పథకం ఆరంభమైంది. 1968 నుండి మన ప్రావిడెంట్ ఫండ్ వంటి నిధిలోని సొమ్ముతో వాయిదాలు కట్టుకొనే వీలు కలిగింది. జీతంలో చేతికి వచ్చేది తగ్గకుండా ఇల్లు సొంతమయ్యే ఆ మార్గమే జనాన్ని ఆకర్షించింది.

"మొదట్లో లిఫ్టు మా అంతస్తులో ఆగేది కాదు సార్" అన్నారాయన. ఖర్చు తగ్గించడానికి ఆ రోజులలో మూడు, నాలుగు అంతస్తులకు ఒకచోట ఆపేవారు. ఇరవై నాలుగేళ్ళ యువకునికి ఒక అంతస్తు మెట్లు లెక్కలోనివి కావు. మోకాళ్ళు అరిగిన ముసలమ్మకు అదే చెరసాల. 2001లో ప్రతి అంతస్తులో లిఫ్టు ఆగేలా మార్చే కార్యక్రమం చేపట్టారు. బ్లాకులో నూటికి 75 మంది ఒప్పుకొంటేనే పని. ఖర్చులో కొంత ఇంటివారిది. కట్టిన ఇల్లు కట్టినట్టే ఉండి, అందులోని మనిషి ముసలివాడవుతాడని మన డిజైను పుస్తకాలలో ఎక్కడా వ్రాయలేదు.

మరొక నియమం విషయంలో మాకు రెండు మనసులు. జాతులు వేరువేరు పేటలుగా గుమిగూడకుండా 1989 నుండి ఒక్కొక్క బ్లాకులో ఒక్కొక్క జాతికి హద్దు విధించారు. భారతీయులకూ ఇతరులకూ కలిపి ఇప్పుడు 15 శాతం. దానివల్ల గోడకు అటు మలయ్, ఇటు చైనీయుడు ఉన్న మాట నిజమే. అయితే చైనీయుల హద్దు నిండిన బ్లాకులో భారతీయుడు తన ఇంటిని చైనీయులకు అమ్మలేడు. కొనేవారు తక్కువై ధర తగ్గుతుంది. సామరస్యానికి కొందరు ఎక్కువ ధర చెల్లిస్తున్నారు.

అసలు ప్రశ్న వేరు. ఈ ఇళ్ళు సొంతమే, కానీ తొంభైతొమ్మిదేళ్ళ లీజుకు. తొలినాటి బ్లాకుల గడువు 2060 దశకంలో తీరిపోతుంది. పాత బ్లాకులను ముందే తీసుకొని కొత్త ఇళ్ళు ఇచ్చే పథకం 1995లో మొదలయింది. దానితో అందరికీ అలాగే జరుగుతుందని ఆశ పెరిగింది. అది కొద్ది శాతం ఇళ్ళకే పరిమితమనీ, గడువు తీరిన ఇల్లు బోర్డుకు తిరిగి చేరుతుందనీ 2017లో గృహనిర్మాణ మంత్రి బహిరంగంగా చెప్పడంతో ఎందరికో నిద్ర పట్టలేదు. 2018లో మరొక పథకం ప్రకటించారు. డెబ్బయ్యేళ్ళ వయసు వచ్చిన పేటలలో నివాసులు ఓటు వేసుకొని గడువుకు ముందే ఇళ్ళను తిరిగి ఇవ్వవచ్చునట.

పదవీ విరమణ ఉత్తర్వులో క్వార్టరు ఖాళీ చేయవలసిన తేదీ ఎక్కడుందో ముందు వెదికే మనకు ఈ చింత పరాయిది కాదు. తొంభైతొమ్మిదేళ్ళంటే రెండు తరాలు హాయిగా బ్రతకవచ్చును. మూడో తరానికి మిగిలేది ఏమిటన్నదే చిక్కు. నేల ప్రభుత్వం చేతిలో ఉండబట్టే కదా అందరికీ ఇల్లు దక్కింది అనిపిస్తుంది. ఆ మాటే మడులు పోగొట్టుకొన్నవారి మనవడికి చెప్పగలమా అనీ అనిపిస్తుంది.

ఆ పెద్దాయనను అడిగాము. "2067 వరకు ఉంది సార్. నాకు చాలు. కొడుక్కి వేరే ఇల్లుంది" అని నవ్వి, వరండా కుండీలోని కరివేపాకు నాలుగు రెబ్బలు త్రుంచి మా శ్రీమతి చేతిలో పెట్టారు. లోపల ఇద్దరు పనివాళ్ళు వంటగది గచ్చు పగలగొడుతున్నారు. కొత్త పలకలు వేయిస్తున్నారట. రంగు విషయంలో మాత్రం ఆలుమగలకు ఇంకా ఒప్పందం కుదరలేదు.