సిగ్గు మీద వ్యాపారం

నల్లగా ఉన్న పిల్లను మనం ‘రంగు తక్కువ’ అంటాము. లైంగిక సంపర్కం వల్ల అంటుకునే రోగాన్ని ‘సుఖవ్యాధి’ అంటాము. మొదటి మాట ప్రకారం రంగంటే తెలుపే. తక్కినవన్నీ దానికి లోటు. రెండవ మాట ప్రకారం రోగమనేది సుఖానికి చెల్లించే జరిమానా. మరి రెండేళ్ల కొకసారి గల్ఫు నుంచి వచ్చే భర్త వల్ల రోగం తగిలిన ఇల్లాలు ఏ సుఖానికి జరిమానా చెల్లిస్తున్నది? ఆ మాటలో దీనికి జవాబు లేదు. ఇటువంటి మాటలు నిఘంటువులో ఊరికే పడి ఉండవు. బజారులో వాటి మీద వ్యాపారం సాగుతున్నది. శరీరాన్ని కాపాడే వస్తువేది, సిగ్గును సొమ్ము చేసుకునే వస్తువేది అన్న విచక్షణ సాహిత్య విద్యార్థికి కూడా అవసరమని నే ననేది అందుకే.

వాసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదికి విద్యార్థులతో కలిసి వెళ్ళడం నా కలవాటు. మాఘమాసంలో స్వామివారి కల్యాణం, తీర్థం, జనసమ్మర్దం. మిగిలిన కాలమంతా పల్లిపాలెంలో వేట, వల, ఎండుచేప. అక్కడ ఎండ పైనుంచీ కొడుతుంది, నీటి మీద నుంచీ ఇసుక మీద నుంచీ తిరిగి కొడుతుంది. ఒకసారి చేపలు ఎండబెడుతున్న ఒక అమ్మాయి, మాతో వచ్చిన విద్యార్థినికి ఒక ట్యూబు చూపించి, “ఎండకు ఇది మంచిదేనా అక్కా?” అని అడిగింది. ఆమె బుగ్గలు ఎర్రగా కంది ఉన్నాయి. ట్యూబు మీద సన్నని అక్షరాలలో ఉన్న పేరు క్లోబెటసాల్. అది చాలా తీవ్రమైన స్టిరాయిడు. రాసిన కొత్తలో మొహం తెల్లబడినట్టుంటుంది. పోను పోను చర్మం పలచబడి, ఎండ తగిలితేనే మండుతుంది. ఇటువంటి స్టిరాయిడు పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని 2018లో ప్రభుత్వం నిబంధనను కట్టుదిట్టం చేసింది. ఆమెను చీటీ అడిగినవారు లేరు. ఆమె రక్షణ కోరింది. దుకాణం ఆమెకు తెలుపు నమ్మింది.

ఈ పరిస్థితికి ఒక చరిత్ర ఉన్నది. 1968లో కేంద్ర ప్రభుత్వం నిరోధ్‌ను మూడు 15 పైసల చొప్పున ప్రవేశపెట్టి, బ్రూక్ బాండ్, లిప్టన్, హిందుస్థాన్ లీవర్ వంటి కంపెనీల పంపిణీ మార్గాల ద్వారా టీ పొట్లాలతో, సబ్బులతో పాటు దుకాణాలకు చేర్చింది. 1975లో ఆ హిందుస్థాన్ లీవరే ఫెయిర్ అండ్ లవ్లీని తెచ్చింది. ఒకే దారిన రెండు సరుకులు వచ్చాయి. రోగాన్ని ఆపేదాన్ని నేటికీ పాత కాగితంలో చుట్టి ఇస్తున్నారు. రంగును ఆశపెట్టేది అద్దాల బీరువాలో నిలబడి పిలుస్తున్నది. 2020లో దాని పేరులోని ‘ఫెయిర్’ పోయి ‘గ్లో’ వచ్చింది. పెళ్ళిచూపులలో ‘రంగు తక్కువ’ మాత్రం పోలేదు.

అయితే దేన్ని ఎంచుకోవాలి? ఎండకు వాడే క్రీము మీద ఎస్‌పిఎఫ్ 30గానీ అంతకు పైన గానీ ఉండాలి. తగినంత రాస్తే 30 అన్నది చర్మాన్ని కందజేసే కిరణాలలో నూటికి 97 వంతులు ఆపుతుంది. 50 అన్నది 98. ఆ ఒక్క వంతు తేడాకు రెట్టింపు ధర పెట్టనక్కరలేదు. లోతుకు దిగే కిరణాల నుంచి కూడా రక్షణ ఉన్నట్టు రాసి ఉండాలి. గడువు తేదీ చూడాలి. రెండు గంటల కొకసారి మళ్ళీ రాసుకోవాలి. ‘తెల్లబరుస్తుంది’ అన్న మాట ఉంటే, ఆ సరుకు వేరు.

కండోముకూ గడువు తేదీ ఉన్నది. వేడి దానికి పడదు. మోటారు సైకిలు పెట్టెలో, జేబులోని పర్సులో నెలల తరబడి ఉన్నది నమ్మదగినది కాదు. కోనసీమవాడికి కష్టమైన మాట మరొకటి: కొబ్బరినూనె లేటెక్సు రబ్బరును నిమిషాలలో బలహీనపరుస్తుంది. కాబట్టి నీటితో చేసిన జారుడు పదార్థమే వాడాలి. ఎండను ఆపడంలోనూ కొబ్బరినూనె శక్తి అత్యల్పమే. వంటకూ తలకూ దానికి సాటి లేదు. ఈ రెండు పనులకూ అది పనికిరాదు.

ఇక మగతనం పెంచుతామనే మాత్రలు. లైంగిక శక్తికీ, సంపర్క రోగాలకూ మందులున్నాయని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. 2020లో వెలువడిన సవరణ ముసాయిదా చర్మాన్ని తెల్లబరచే మందులను కూడా ఆ జాబితాలో చేర్చజూసింది. రెండు సిగ్గులూ ఒకే బేరమని ఆ ముసాయిదా రాసినవారు గ్రహించారన్నమాట. గోడల మీద ప్రకటనలు మాత్రం ఇప్పటికీ కనిపిస్తున్నాయి. మూలికలని చెప్పి అమ్మే ఇటువంటి మాత్రలలో రహస్యంగా కలిపిన సిల్డినాఫిల్ ఎన్నోసార్లు బయటపడ్డది. గుండెజబ్బుకు నైట్రేటు మందులు వాడేవాడికి అది ప్రాణాంతకం.

అయినా వివేకంతో ఎంచుకోండని మాత్రమే చెప్పి ఊరుకుంటే అది మధ్యతరగతి నీతి అవుతుంది. పగలంతా పడవ మీద ఉండేవాడికి రెండు గంటల కొక పూత చొప్పున ట్యూబు ఎన్నాళ్ళు వస్తుంది? అతనికి మొదటి రక్షణ వెడల్పాటి అంచు టోపీ, నిండు చేతుల చొక్కా, చేపలు ఆరేసే చోట ఒక పందిరి. పందిరి ఆమె కొనుక్కోగలిగిన వస్తువు కాదు, అడిగి సాధించుకోవలసినది. కండోములు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం, హెచ్.ఐ.వి. పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదనీ, ఫలితాన్ని బయటపెట్టరాదనీ 2017 నాటి చట్టం చెబుతున్నది. ఇవి హక్కులు. కాని గొంతు తగ్గించి అడిగేవాడికి హక్కు కూడా భిక్షలాగే కనిపిస్తుంది.

మనం రాసేవాళ్ళం, పాఠం చెప్పేవాళ్ళం. పందిళ్ళు వేయించడం మన ఒక్కరివల్ల కాకపోవచ్చు. మాటలు మన చేతిలో ఉన్నాయి. ‘సుఖవ్యాధి’ని ‘లైంగిక వ్యాధి’ అనడానికి ఏ బడ్జెటూ అక్కరలేదు. నల్లనిదాన్ని నలుపనే అందాము, తక్కువ అనవద్దు. ఆ పల్లిపాలెం అమ్మాయి పదిమందిలో ట్యూబు పైకెత్తి చూపించి నిర్భయంగా అడిగింది. చదువుకున్న మనం మందుల షాపులో ఆపాటి గొంతుతో అడగడం నేర్చుకోవాలి.